కాజా చేతి కార్డు

బ్యాంకు నుంచి కవరు వచ్చిన రోజు కాజా ఒక్క బొత్తాం కూడా కుట్టలేదు. కవరు చింపి కార్డు బయటికి తీసింది. కిటికీ వెలుతురులో పెట్టి చూసింది. అటు తిప్పింది, ఇటు తిప్పింది. ఆఖరికి చెంపకి ఆనించుకుని కళ్ళు మూసుకుంది.

"అక్కా, శాటిన్ కంటే నున్నగా ఉంది!"

"ఏదీ, ఇలా పట్రా," అని ఆమె తోడికోడలు లాక్కుంది. తనూ చెంపకి ఆనించుకుంది. "నిజమేనే! పైగా చల్లగా కూడా ఉంది."

దుకాణం అంటే వాళ్ళ ఇంటి ముందు గదే. మనుషులు ముగ్గురు. పెద్ద కోడలు కొలతలు తీసేది. నిద్రపోయేటప్పుడు తప్ప మెడలోంచి టేపు తియ్యదు కాబట్టి వీధంతా ఆవిణ్ణి టేపక్క అనేవాళ్ళు. ఆవిడ భర్త గుడ్డ కత్తిరించి, మెషిన్ మీద కుట్టేవాడు. అన్నీ అయ్యాక మిగిలిన పని చిన్న కోడలిది: బొత్తాలు కుట్టడం, బొత్తాం దూరే కన్నం చుట్టూ సన్నగా దారం అల్లడం. ఆ అల్లిన కన్నాన్ని కాజా అంటారు. భర్త పోయాక ఈ పనికని ఆ గదిలో కిటికీ పక్కన కూర్చున్న మనిషి మళ్ళీ లేవలేదు. అల్లగా అల్లగా జనం ఆమె అసలు పేరే మర్చిపోయారు. కాజా అంటేనే పలికేది.

ఇప్పుడు ఆ కాజాకి సొంత ఖాతా ఉంది, అందులో తను కూడబెట్టుకున్న డబ్బుంది. ఆ డబ్బుతో కాజాలు కుట్టే మెషిన్ కొనాలన్నది ఆమె కోరిక. గుడ్డ కింద పెట్టి మీట నొక్కితే చాలు, టకటకా టకటకా, కన్ను మూసి తెరిచేలోగా కాజా తయారు. ఆ మెషిన్‌ని బజారులో అద్దాల వెనక చూసిన రోజు నుంచీ ఆమె వేళ్ళు అన్నం కలిపేటప్పుడు కూడా మీట నొక్కుతున్నట్టే కదిలేవి.

బావగారికి మాత్రం మెషిన్ అంటే పడదు. ఆయన మనసంతా గాజు తలుపు మీద ఉంది. దుకాణానికి గాజు తలుపు పెడితే చాలు, కలెక్టర్లు కూడా వచ్చి కోట్లు కుట్టించుకుంటారని ఆయన నమ్మకం.

"కార్డు నా సొరుగులో ఉండాల్సిన వస్తువమ్మాయ్," అన్నాడు గొంతు సవరించుకుని. "బయట దొంగ వెధవలు ఎక్కువైపోయారు. నీకేం తెలుస్తుంది?"

"తెలుసుకుంటాను బావగారూ."

"తెలుసుకునేలోగా ఊడ్చిపెట్టుకుపోతారు."

"ఏమండీ, దాని డబ్బు, దాని కార్డు. మధ్యలో మీ సొరుగెందుకు?" అంది టేపక్క.

ఆయన కత్తెర బల్ల మీద పెట్టాడు. ఆయన కత్తెర కింద పెట్టాడంటే మాట ఖాయం చేస్తున్నట్టు. "సరే. దాని దగ్గరే ఉండనీ. కానీ ఒక్క పైసా తేడా వచ్చిందా, మారు మాట్లాడకుండా కార్డు నా సొరుగులోకి రావాలి. ఏమంటావ్?"

సొరుగులోకి పోయిందంటే డబ్బు గాజు తలుపైపోతుందని కాజాకి తెలుసు. అయినా ఆ రోజు ఆమె ఉత్సాహం అలాంటిది. "అలాగే బావగారూ!" అనేసింది. చేతిలో కార్డుంటే ఎవరికైనా అలాంటి ధైర్యమే వస్తుంది.

మధ్యాహ్నం భోజనాలవ్వగానే తోడికోడళ్ళిద్దరూ ఏటీఎంకి బయల్దేరారు. నడుస్తూ పిన్ను గురించే మాట్లాడుకున్నారు.

"నాలుగంకెలు పెట్టుకోవాలిట అక్కా. మర్చిపోనివి అయ్యుండాలిట."

"మనకి అంకెలు మర్చిపోవడమేంటే? బ్యాండులో బాకా ఊదే మాస్టారి ఛాతీ ఎంత?"

"నలభై నాలుగు."

"నడుము?"

"నలభై ఆరు."

"అయిపోయిందిగా!"

ఇద్దరూ రోడ్డు మీదే ఫక్కున నవ్వారు. బాకా మాస్టారి నడుము ఛాతీని దాటి ముందుకొచ్చిన సంగతి దుకాణంలో పెద్ద వేడుక. ఆ కొలత చచ్చినా మర్చిపోరు.

ఇక్కడ వాళ్ళ దుకాణం పద్ధతి ఒకటి చెప్పాలి. టేపక్క కొలత తీసి అంకె గట్టిగా అరుస్తుంది. కాజా ఆ అంకెని అంతే గట్టిగా తిరిగి అరిచి, పలక మీద రాస్తుంది. తిరిగి అరుపు వినపడితే గానీ టేపు తర్వాతి కొలతకి జరగదు. మెషిన్ చప్పుడులో అంకె పొరపాటున తారుమారైతే ఒకరి కోటు ఇంకొకరికి చొక్కా అవుతుంది కాబట్టి బావగారు పెట్టిన కట్టుబాటు అది. అది ఇద్దరికీ ఊపిరి తీసినంత అలవాటు.

ఏటీఎం గదిలోకి ఒక్కరే వెళ్ళాలని తలుపు మీద రాసి ఉంది. అందుకని టేపక్క తలుపు సగం తెరిచి పట్టుకుని గడపలో నిలబడింది. ఆవిడ వెనక వరసలో జనం. లోపల తెర మీద "మీ పిన్ నంబరు నమోదు చేయండి" అని వచ్చింది. కాజా చీర కొంగుతో వేలు తుడుచుకుని, గొంతెత్తింది.

"నలభై నాలుగు!"

గడపలోంచి టేపక్క, "నలభై నాలుగూ!"

తిరిగి అరుపు వినపడింది కాబట్టి కాజా నొక్కింది.

"నలభై ఆరు!"

"నలభై ఆరూ!"

వరసలో ఎవరో, "కోటా అండీ, ప్యాంటా?" అని అడిగారు.

"కోటు," అంది టేపక్క, తల తిప్పకుండా.

పిన్ను కుదిరింది. సరదాకి ఒక్క నోటు తీసింది కాజా. నోటు బయటికి నాలిక చాపినట్టు వచ్చింది. ఆమె కిలకిలా నవ్వింది. కార్డు మాత్రం అంచు చూపించి ఆగిపోయింది. లాగితే రాలేదు. అంతలో వరసలోంచి ఒకతను చొరవగా లోపలికొచ్చాడు.

"అలా కాదమ్మా, విరిగిపోతుంది. ఉండండి," అని రెండు వేళ్ళతో సుతారంగా లాగాడు. తన చొక్కా చేతికి పైకీ కిందకీ తుడిచి, అందించాడు.

"చల్లగా ఉండు నాయనా," అంది కాజా.

టేపక్క అతన్ని ఎగాదిగా చూసి, "నీ చొక్కా భుజం జారుతోందయ్యా. ఎవరో చెడగొట్టారు. మా దుకాణానికి పట్రా, ఊరికే సరిచేసి పెడతా," అంది.

"తప్పకుండా అక్కా," అని అతను తన పని చూసుకోకుండానే వెళ్ళిపోయాడు. ఎంత మర్యాద తెలిసిన మనిషో అని ఇద్దరూ ఇంటి దాకా మెచ్చుకుంటూ వచ్చారు.

సాయంత్రం టీ తాగుతుండగా కాజా ఫోను టింగుమంది. ఆ రోజు టింగుమన్నప్పుడల్లా పండగే కాబట్టి ఆమె గ్లాసు కింద పెట్టి గట్టిగా చదివింది. ఆమె కార్డుతో బజారు చివరి చెప్పుల దుకాణంలో డబ్బు చెల్లించినట్టు అందులో ఉంది. ఎంత చెల్లించారో కూడా ఉంది. చిన్న మొత్తమేం కాదు.

కాజా నవ్వు సగంలో ఆగింది. "నేను చెప్పులు కొనలేదే!"

టేపక్క వంగి ఆమె కాళ్ళు చూసింది. "కొనలేదు," అని సాక్ష్యం చెప్పింది.

"కార్డేదీ?" అన్నాడు బావగారు.

కాజా బొత్తాల డబ్బా మూత తీసింది. నల్ల బొత్తాల మధ్య కార్డు భద్రంగా ఉంది.

"ఇంకేం మరి!" ఆయన తాపీగా టీ జుర్రాడు. "కార్డు నీ డబ్బాలో ఉంటే చెప్పుల దుకాణంలో ఎవడు గీకుతాడమ్మాయ్? ఇది దొంగ మెసేజి. భయపెట్టి ఫోన్ చేయించుకుంటారు, మాటల్లో పెట్టి అన్నీ లాగేస్తారు. నిన్ననే పేపర్లో చదివాను. ముట్టుకోకు. వదిలెయ్."

టేపక్క అప్పటికే లేచి నిలబడింది. "అదేం కాదు. వాడెవడో అక్కడే ఉంటాడు. పదవే, కాలరు పట్టుకుందాం."

కాజా ఇద్దరి వంకా చూసింది. బావగారి మాట వినడం ఎంత హాయి! దొంగ మెసేజి అనుకుంటే తేడా రానట్టే. తేడా రాకపోతే కార్డు డబ్బాలోనే ఉంటుంది, మెషిన్ ఇంటికొస్తుంది. బ్యాంకుకి ఫోన్ చేసి, అది నిజమని తేలిందో, ఆయన సొరుగు తెరుచుకుంటుంది. తన చేత్తో తనే కార్డు అప్పగించుకున్నట్టు అవుతుంది.

ఆమె ఫోను చీర మీద బోర్లా పెట్టింది. మళ్ళీ తిప్పింది. మళ్ళీ బోర్లా పెట్టింది. లోపల ఏదో పీకుతోంది. కాజా అల్లేటప్పుడు ఒక పోగు జారిందని తెలిసీ వదిలేస్తే ఎప్పుడూ ఇలాగే ఉంటుంది ఆమెకి. ఆ చొక్కా ఇచ్చేసే దాకా నిద్ర పట్టదు.

"బావగారూ, మెసేజీలో ఉన్న నంబరుకి చెయ్యను. కార్డు వెనక బ్యాంకు నంబరు అచ్చేసి ఉంది. దానికి చేస్తాను. అది దొంగది కాదుగా?"

"చేస్తే చెయ్యి. తేడా ఉందని తేలితే మన మాట గుర్తుందిగా?"

"గుర్తుంది," అంది నీరసంగా, నంబరు కొడుతూ.

ఫోనులో ఒక రికార్డు గొంతు ఒకటి నొక్కమంది, రెండు నొక్కమంది, పాట వినిపించింది. కార్డు ఆపడానికి ఏది నొక్కాలో ఆ గొంతు చెప్పేలోగా టేపక్క మూడు సార్లు చెప్పులు తొడిగి విప్పింది. చివరికి ఒక అబ్బాయి పలికాడు. కాజా ఫోను స్పీకరులో పెట్టింది. పేరు, పుట్టిన తేదీ చెప్పింది.

"అవునమ్మా, ఆ చెప్పుల దుకాణంలో డబ్బు పోయింది. పిన్ను కొట్టే తీశారు," అన్నాడు అబ్బాయి.

"పిన్ను దానికి తప్ప ఎవరికీ తెలీదు బాబూ!" టేపక్క ఫోను మీదికి వంగింది. "మా ఇద్దరికే తెలుసు. నలభై నాలుగు, నలభై..."

"అయ్యో, చెప్పకండి! చెప్పకండమ్మా! నాకు కూడా చెప్పకూడదు!"

బావగారు టీ గ్లాసు దించాడు. "బాకా మాస్టారి కొలతా?" అన్నాడు నోరు తెరిచి.

"అమ్మా, కార్డు మీ దగ్గరే ఉందన్నారుగా. మీద చివరి నాలుగంకెలు చదవండి," అన్నాడు అబ్బాయి.

కాజా చదివింది. "మళ్ళీ చదవండమ్మా." మళ్ళీ చదివింది.

"ఈ కార్డు మీది కాదమ్మా. దాని మీద పేరేముంది?"

నున్నదనం చూసింది, చల్లదనం చూసింది గానీ మధ్యాహ్నం నుంచీ పేరు చూడలేదు కాజా. ఇప్పుడు చూసింది. ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. "ఎవరో మగాయన పేరుందండీ!"

"ఎవడమ్మాయ్ వాడు?" అన్నాడు బావగారు, లేచి నిలబడి.

"నాకేం తెలుసు బావగారూ!"

"మీ కార్డు మార్చేశారమ్మా," అన్నాడు అబ్బాయి. "ఈ మధ్య ఏటీఎం దగ్గర ఎవరైనా సాయం చేశారా?"

తోడికోడళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చొక్కా చేతికి పైకీ కిందకీ తుడిచిన ఆ చెయ్యి ఇద్దరి కళ్ళ ముందూ ఒకేసారి ఆడింది.

"ఊరికే భుజం సరిచేస్తానన్నానే వాడికి!" అని టేపక్క బల్ల గుద్దింది.

"ఆపెయ్యి నాయనా! ముందు కార్డు ఆపెయ్యి!" అంది కాజా.

అవతల టకటకా మీటలు కొట్టిన చప్పుడు. బావగారి టీ మీద ఈగ వాలినా ఎవరూ తోలలేదు.

"ఆపేశానమ్మా. ఇక ఆ కార్డు పనిచెయ్యదు. ఫిర్యాదు కూడా రాసుకున్నాను, రేపు బ్యాంకుకి వెళ్ళి... ఒక్క క్షణం." మళ్ళీ మీటల చప్పుడు. అబ్బాయి గొంతు ఒక్కసారి పైకి లేచింది. "అమ్మా! ఇప్పుడే టీవీల దుకాణంలో గీకాడు! పెద్ద టీవీ అయ్యుంటుంది, మీ ఖాతాలో ఉన్నదంతా అడిగాడు. పడలేదు! వెనక్కి కొట్టేసింది!"

అంతే. టేపక్క ఒక కేక వేసి కాజాని ఎత్తి గిరగిరా తిప్పింది. బొత్తాల డబ్బా బోర్లాపడి బొత్తాలు గదంతా పరిగెత్తాయి. మూలనున్న కోటు తొడిగిన చెక్కబొమ్మని కాజా వాటేసుకుంది. ఆ దొంగ ఇప్పుడు టీవీల దుకాణంలో, అంత పెద్ద టీవీ ముందు, ఎంత చిన్న మొహం వేసుకుని నిలబడి ఉంటాడో టేపక్క వేసి చూపించింది. ఫోనులో అబ్బాయి, "అమ్మా, లైనులో ఉన్నారా?" అని నవ్వు ఆపుకుంటూ అడుగుతున్నాడు. బావగారు కూడా నవ్వాడు. నవ్వి నవ్వి దగ్గొచ్చింది. దగ్గు తగ్గాక అరచెయ్యి చాపాడు.

"కొత్త కార్డు వస్తుందిగా. అది నాకు."

ఒక బొత్తాం గుండ్రంగా దొర్లుకుంటూ వెళ్ళి గోడకి తగిలి పడింది.

"అది ఫోన్ చేసి ఆపకపోతే, మీ మాట విని వదిలేసుంటే?" అని టేపక్క విరుచుకుపడింది.

"మాట మాటే. ఒక్క పైసా తేడా వస్తే అన్నాను. చెప్పుల డబ్బు పైసా కాదు. రేపు నేనూ బ్యాంకుకొస్తా."

ఒప్పుకున్నది కాజాయే. వంగి బొత్తాలేరడం మొదలుపెట్టింది.

టేపక్కకి కాలు నిలవలేదు. కార్డు ఆగింది కాబట్టి ఇక పరిగెత్తవచ్చని చెప్పుల దుకాణానికి పరిగెత్తింది. పది మందిని అడిగొచ్చినంత హడావుడిగా తిరిగొచ్చింది.

"దుకాణదారుకి బాగా గుర్తున్నాడే!" అంది రొప్పుతూ. "తొమ్మిదో నంబరు పాదమట. ఎడమ పాదం కొంచెం వెడల్పట. చిటికెన వేలి మీద కాయ కాసిందట."

"మొహం?"

"మొహం చూళ్ళేదట."

మర్నాడు బ్యాంకులో ఈ ఫిర్యాదు తీసుకున్న కౌంటరు అమ్మాయి మంచి ఓపికస్తురాలు. ముందు డబ్బాలో దొరికిన ఆ మగాయన కార్డు తీసుకుని, ఆయనకి ఫోన్ చేసింది. పాపం, ఆయనకి తన కార్డు పోయిన సంగతే తెలీదు. ఫోను ఎప్పుడూ మనవరాలి చేతిలోనే ఉంటుందట, పిల్ల బొమ్మలు చూసుకుంటూ మెసేజీలు పట్టించుకోదట. ఆయన దగ్గరున్న కార్డు తీసి చూస్తే ఇంకెవరి పేరో ఉంది. కౌంటరు అమ్మాయి నుదురు కొట్టుకుని ఆ పేరు రాసుకుంది. ఆయన కార్డు కూడా ఆపేసింది.

"ఇప్పుడు చెప్పండమ్మా. అతనెలా ఉంటాడు?"

"ఛాతీ ముప్పై తొమ్మిది ఉంటుంది," అంది కాజా.

"భుజం పదిహేడున్నర. ఎడమ భుజం ఒక పిసరు కిందకి," అంది టేపక్క.

"చెయ్యి పొడుగే. కఫ్ బొత్తాం ఒకటి వేరే రకం."

"గుడ్డ నీలి గళ్ళది. రెండు ఉతుకులకే వెలిసిపోయే రకం."

"చెప్పుల సైజు తొమ్మిది."

అమ్మాయి రాసిందంతా చదువుకుంది. "మెడ దగ్గర్నుంచి కిందకి మనిషి పూర్తిగా ఉన్నాడమ్మా. పైనేం లేదు. కళ్ళు, ముక్కు, మీసం?"

ఇద్దరూ ఆలోచించారు. "మేం టోపీలు కుట్టమండీ," అంది టేపక్క చివరికి. అమ్మాయి పెన్ను పెట్టేసి, రెండు చేతుల్లో మొహం దాచుకుని నవ్వింది. ఏటీఎం గదిలో కెమెరా ఉంటుంది, పైన భాగం అది చూసుకుంటుందిలెండి అంది.

"మరి పిన్ను అతనికెలా తెలిసింది?"

టేపక్క లేచి నిలబడి, జరిగింది జరిగినట్టు చేసి చూపించింది. రెండు గొంతులూ తనే వేసింది. బ్యాంకులో వరసలన్నీ ఇటు తిరిగాయి.

"కాబట్టి," అని బావగారు ముందుకి జరిగాడు, ఈ మాట కోసమే చొక్కా ఇస్త్రీ చేసుకొచ్చినవాడిలా. "కొత్త కార్డు నా చేతికివ్వండి. ఈ ఇద్దరివీ నోళ్ళు కావు, మైకులు. నా దగ్గరుంటే భద్రం."

"ఆవిడ ఖాతా కదండీ. ఆవిడకే ఇవ్వాలి."

"ఆవిడకే ఇవ్వండి. ఆవిడ నాకిస్తుంది. ఒప్పందం ఉంది మాకు. ఏమ్మాయ్?"

కాజా తల దించుకుని, కొంగు అంచున లేని కాజాని వేలితో అల్లుతోంది. "ఉందండీ," అంది చిన్నగా.

బావగారు జేబులోంచి తన కార్డు తీసి కౌంటరు మీద పెట్టాడు. "ఇది చూడండి. ఎన్నేళ్ళ నుంచో నాది. ఎప్పుడైనా తేడా వచ్చిందా? రాదు. ఎందుకంటే నా పిన్ను ఈ లోకంలో చీమకి కూడా తెలీదు. కట్టుకున్న పెళ్ళానికి కూడా..."

"ముప్పై ఎనిమిది!" అంది టేపక్క.

"ముప్పై ఎనిమిదీ!" అంది కాజా. ఆపుకుందామనే అనుకుంది, నోరు ఆగలేదు.

"ముప్పై నాలుగు!"

"ముప్పై నాలుగూ!"

బావగారి నోరు తెరుచుకున్నది తెరుచుకున్నట్టే ఉంది.

"నీకెలా..." అన్నాడు.

"మీ పెళ్ళి కోటు కొలతండీ అది," అంది టేపక్క, చెంగు నోటికడ్డం పెట్టుకుని. "మీరు కుట్టుకున్న మొదటి కోటు. బీరువా తాళానికీ అదే, ఫోనుకీ అదే. నిద్రలో లేపి అంకె చెప్పమన్నా అదే చెప్తారు. నాకు తెలీదనుకున్నారా?"

వెనక వరసలోంచి ఎవరో, "ఇప్పుడెంతండీ?" అని అడిగారు.

"నలభై రెండు," అంది కాజా. ఈసారి బ్యాంకు బ్యాంకంతా నవ్వింది. సెక్యూరిటీ ఆయన గోడ పట్టుకున్నాడు.

కౌంటరు అమ్మాయి కళ్ళు తుడుచుకుని, గొంతులో మర్యాద నింపుకుంది. "మీరు కూడా ఇప్పుడే, ఇక్కడే పిన్ను మార్చుకోవాలి సార్. ఇంతమంది విన్నారు. ఇల్లు చేరేదాకా కూడా ఆగొద్దు."

బావగారు తన కార్డు వంక చూశాడు. దాన్ని మెల్లగా తీసుకుని జేబులో పెట్టుకుని, జేబు మీద చెయ్యేసి పట్టుకున్నాడు. వరసలో ఉన్నవాళ్ళందరూ దొంగల్లా కనిపించసాగారు ఆయనకి. కాజా అది చూసింది. ఆమె పెదాలు వణికాయి, ఏడుపుకి కాదు.

"బావగారూ," అంది వినయంగా, "మీ కార్డు దాచుకోవడానికి చోటు లేకపోతే చెప్పండి. నా బొత్తాల డబ్బాలో తెల్లబొత్తాల అర ఖాళీగా ఉంది."

ఆయన కోపంగా ఏదో అనబోయాడు. కానీ నవ్వు ముందు బయటికొచ్చేసింది. "నీ నోట్లో దారపుండ పెట్టా!" అని, మెడ వెనక గోక్కుని, "నీ కార్డు నీ దగ్గరే ఏడవనీ. నేను నాది చూసుకోవాలి ఇప్పుడు," అన్నాడు. అక్కడికక్కడే ఏటీఎం గదిలోకి వెళ్ళి, తలుపు మూసుకుని, కిటికీ లేని చోట కూడా చుట్టూ చూసుకుని పిన్ను మార్చుకుని వచ్చాడు. టేపక్క ఎంత గుచ్చి గుచ్చి అడిగినా చెప్పలేదు. దారి పొడవునా ఆవిడ అన్ని కొలతలూ వరసగా అంటూనే ఉంది, ఆయన మొహంలో ఏదైనా కదులుతుందేమోనని.

కొత్త కార్డు వచ్చింది. ఈసారి కాజా ముందుగా పేరు చదివింది. కార్డు వాడే హద్దు ఫోనులో మెషిన్ ధర వరకే తగ్గించి పెట్టుకుంది. ఎంత చిన్న మొత్తమైనా మెసేజి వచ్చేలా చూసుకుంది. పిన్ను పెట్టుకునేటప్పుడు టేపక్కని వీధి అవతల నిలబెట్టింది. చెప్పుల డబ్బు కూడా విచారణ అయ్యాక ఖాతాలో పడింది. టింగుమని మోగగానే ముగ్గురూ ఎక్కడి పని అక్కడ వదిలేసి ఫోను చుట్టూ మూగారు.

ఆ మర్నాడే ముగ్గురూ మెషిన్ల దుకాణానికి వెళ్ళారు. అద్దాల వెనకున్న కాజా మెషిన్ బల్ల మీదికొచ్చింది. బావగారే చక్రం తిప్పి చూశాడు, నూనె వాసన చూశాడు, దుకాణదారుని ఇరవై ప్రశ్నలడిగాడు. చివరికి, "పర్లేదు," అన్నాడు. ఆయన పర్లేదు అంటే అది ఆయన నోటి నుంచి రాగలిగిన పెద్ద పొగడ్త.

కాజా కార్డు తీసిచ్చింది. దుకాణదారు దాన్ని గీకే పెట్టెలో పెట్టి, ఎప్పుడూ అందర్నీ అడిగినట్టే, తల పైకెత్తకుండా, "పిన్ను చెప్పండమ్మా, నేను కొట్టేస్తా," అన్నాడు.

"చెప్పం!"

ముగ్గురి గొంతూ ఒక్కసారే లేచింది. దుకాణదారు చేతిలోంచి పెట్టె జారబోయింది. అద్దాల మీద దుమ్ము రాలిందని టేపక్క తర్వాత అందరికీ చెప్పింది.

"తప్పా అండీ, అలవాటు..." అని నసిగాడు పాపం ఆయన.

"అలవాటు సంగతి మాకు చెప్పకు నాయనా," అన్నాడు బావగారు. పక్క మెషిన్ మీద కప్పిన దుప్పటి లాగి ఒక కొస భార్యకి అందించాడు. బట్టలు వేసి చూసుకునేవాళ్ళకి దుకాణంలో తెర పట్టినట్టు, చెరో కొస పట్టుకుని ఇద్దరూ కాజా చుట్టూ అడ్డం నిలబడ్డారు. మొహాలు అటు తిప్పుకున్నారు. బావగారు కళ్ళు కూడా మూసుకున్నాడు.

దుప్పటి వెనక చాలాసేపు చప్పుడు లేదు.

"ఏమైందే?" అంది టేపక్క, మెడ తిప్పకుండా. "మర్చిపోయావా? మొదటి అంకె నాకు చెప్తే రెండోది గుర్తొస్తుందేమో."

"మర్చిపోలేదక్కా." దుప్పటి వణుకుతోంది. "నవ్వాగట్లేదు. వేలు మీట మీద నిలవట్లేదు. కాసేపుండు."

"ఉంటాంలే," అన్నాడు బావగారు కళ్ళు మూసుకునే. "తొందరేం లేదు. మెల్లగా నొక్కుకో అమ్మాయ్."